గడ్డం మీద మాస్కు

"ఈ రోజు నీకు మాస్కు అమ్మను. ఏం చేసుకుంటావో చేసుకో" అంది గ్లెనిస్.

ఆమె మందుల షాపులో ఉన్న నలుగురూ తిరిగి చూశారు. కౌంటరుకు ఇవతల నిలబడ్డ క్లెమ్ హార్‌గ్రేవ్‌కు డెబ్బై నాలుగేళ్ళు. ముప్పై ఏళ్ళు రంపపు మిల్లులో కొయ్య పొట్టు పీల్చిన ఊపిరితిత్తులు. గుండెల దాకా దిగిన తెల్ల గడ్డం.

కొండల్లో అడవి అంటుకుని మూడు వారాలైంది. వారమూల్ ఊరంతా పొగ. పట్టపగలే కార్లు లైట్లు వేసుకుని తిరుగుతున్నాయి. ఇంత పొగలోనూ క్లెమ్ రోజూ పొద్దున్నే బజారుకు నడిచి వస్తాడు. రొట్టె, పాలు, పేపరు. అవి పట్టుకుని ఎవరో తరుముకొస్తున్నట్టు ఇంటికి పరిగెడతాడు.

మొదటి వారం ముక్కుకు చేతిరుమాలు కట్టుకొచ్చాడు. గ్లెనిస్ తిట్టింది. రెండో వారం ఆసుపత్రుల్లో పెట్టుకునే పల్చటి నీలం మాస్కుతో వచ్చాడు.

"అది నువ్వు ఎదుటివాడి మీద తుమ్మకుండా ఉండడానికయ్యా! పొగ పక్కల్నించి దూరిపోతుంది" అని ఇంకో నాలుగు తిట్టి, సన్న పొగను కూడా ఆపే పీ2 మాస్కు చేతిలో పెట్టింది. రెండు పట్టీలూ తల వెనక్కి వేయించి, ముక్కు మీది తీగ నొక్కి, గట్టిగా ఊపిరి వదలమంది.

గాలి గడ్డంలోంచి బుస్సుమని బయటికొచ్చింది. కళ్ళద్దాలు మసకేశాయి.

"చూశావా? గాలి బయటికొచ్చిన దారినే పొగ లోపలికి పోతుంది. ఆ గడ్డం తీసేయ్."

"తీస్తే మెర్ల్ ఇంట్లోకి రానివ్వదు అమ్మాయ్."

ఆ రోజు షాపంతా నవ్వింది. గ్లెనిస్ నవ్వలేదు. ఆమెకు అసలు కోపం క్లెమ్ మీద కాదు, అతని భార్య మీద.

ఒకప్పుడు ఊరి పెద్దలంతా చేరి బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్బులో మెర్ల్ గొంతే ముందు వినిపించేది. ఏడాదిన్నరగా ఆవిడ గడప దాటడం లేదు. ఫోను తీయదు. ఎవరైనా చూడ్డానికి వెళ్తే క్లెమ్ వాకిట్లోనే నిలబెట్టి, "పడుకుంది" అని పంపేస్తాడు. ఊరికి పట్టింది పొగ, మెర్ల్‌కు పట్టింది పొగరు అని జనం చెప్పుకుంటున్నారు. రోగిష్టి మొగుణ్ణి ఈ గాలిలోకి రొట్టెకు తోలి, తాను దుప్పటి ముసుగేసి పడుకోవడం ఏం మనిషితనం? పైగా గడ్డం తీయకూడదని ఆంక్ష ఒకటి! తలుచుకుంటేనే గ్లెనిస్‌కు ఒళ్ళు మండిపోతోంది.

ఇంకోసారి ఆయాసం ముదిరితే క్లెమ్ దక్కడని డాక్టరు మొన్ననే తేల్చి చెప్పాడు.

"గడ్డం మీద మాస్కు పెట్టుకుని ధీమాగా తిరుగుతున్నావు. ఆ ధీమాయే నిన్ను చంపుతుంది. నా చేత్తో ఇవ్వను" అంది గ్లెనిస్.

"ఇవ్వకపోతే పోనీలే. నేను పోవాలి. ఆలస్యమైతే ఆవిడ..."

"ఏం చేస్తుంది? కొడుతుందా?"

క్లెమ్ జవాబు చెప్పబోయేలోగా దగ్గు ముంచుకొచ్చింది. కౌంటరు పట్టుకుని వంగిపోయాడు. పెదాలు నీలంగా మారాయి. గ్లెనిస్ అతన్ని కుర్చీలో కూలేసి, ఆయాసానికి వాడే ఇన్‌హేలర్ నోట్లో పెట్టి నొక్కింది. మళ్ళీ ఊపిరి అందడానికి పది నిమిషాలు పట్టింది.

భయం పోయాక ఆమెకు కోపం రెట్టింపైంది.

"చస్తావు క్లెమ్! నాలుగు వెంట్రుకల కోసం చస్తావు! అప్పుడు నీ మహారాణికి రొట్టె ఎవడు తెచ్చి పెడతాడు?"

క్లెమ్ తలెత్తాడు. గడ్డాన్ని గుప్పిట పట్టుకున్నాడు.

"గీసేయ్" అన్నాడు.

అతను మాట మార్చకముందే గ్లెనిస్ వెనక గదిలోకి లాక్కెళ్ళింది. పెళ్ళికి ముందునుంచీ ఉన్న గడ్డం. కత్తెరకు సగం, బ్లేడుకు సగం పోయింది. లోపలినుంచి ఎవరూ ఎరగని చిన్న పాలిపోయిన చుబుకం బయటపడింది. అద్దం ఇస్తే తీసుకోలేదు.

కొత్త మాస్కు పెట్టి ఊదించింది. ఎక్కడా గాలి తగల్లేదు. కళ్ళద్దాలు తేటగా ఉన్నాయి.

"పద. ఇంటి దాకా నేనూ వస్తా. నీ పెళ్ళాన్ని కడిగిపారేయాలి."

"వద్దు గ్లెనిస్. నీకు దణ్ణం పెడతా, నువ్వు రావద్దు."

ఇంకా ఈ వెనకేసుకు రావడం ఒకటి! తలుపుకు 'ఇప్పుడే వస్తాం' అట్ట తగిలించి, అతన్ని కార్లో కూర్చోబెట్టింది. దారి పొడుగునా అనాల్సిన మాటలు వల్లె వేసుకుంది. క్లెమ్ నున్నటి చెంప మీద చెయ్యి వేసుకుని, బయటి పొగలోకి చూస్తూ కూర్చున్నాడు.

గ్లెనిస్ దబదబ తలుపు బాదింది. లోపలి తలుపు తెరుచుకోగానే, దోమల జాలీ తలుపు అవతల మెర్ల్ కనిపించింది. చక్కగా తల దువ్వుకుంది. ఇస్త్రీ చేసిన గౌను తొడుక్కుంది. పడుకున్న మనిషిలా ఏమీ లేదు.

"ఏం మెర్ల్, నీకసలు..." అని గ్లెనిస్ గొంతెత్తింది.

క్లెమ్ ఆమెను పక్కకు జరిపాడు. మాస్కు తీసేసి, తలుపుకు దగ్గరగా వెళ్ళాడు.

"మెర్ల్, నేనే" అన్నాడు మెల్లిగా.

మెర్ల్ గబుక్కున గొళ్ళెం పెట్టేసుకుని, రెండడుగులు వెనక్కి వేసి, భయంభయంగా అతనితో అంది: "మా ఆయన ఇంట్లో లేడు బాబూ, రొట్టెకెళ్ళాడు, పెద్ద గడ్డం ఉంటుంది, దార్లో కనిపిస్తే కాస్త తొందరగా రమ్మని చెప్పండి."