ఒక్క పుల్లే కదా

“పాత పుల్లలేసి మోసం చేసినవ్ మాసయ్యా. మా మగ్గాల గల్లీల ఒక్కలు సుత నీ దుకాణం ఎక్కకుండ చేస్త.”

సైకిలు రిపేరు దుకాణం ముందు అమృతమ్మ గొంతుకు గద్వాల బజారులో పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. చీరలు నేయించే సేటుకు అప్పజెప్పాల్సిన పట్టుచీర బురద మరకలతో ఆమె చంకలో ఉంది. పొద్దున కొడుకు ధర్మయ్య ఆ చీర సైకిలు మీద తీసుకుపోతుంటే వెనక చక్రం అప్పడంలా వంకరపోయి, మురిక్కాలువ పక్కన పడ్డాడు. ఆ చక్రానికి మాసయ్య కొత్త పుల్లలు బిగించి ఎన్నాళ్లో కాలేదు.

“మంచియే ఏసిన పెద్దమ్మా. ఎవరో చెయ్యి పెట్టిండ్రు.”

“ఏంది, మా ఇంట్ల దొంగలున్నరా?”

వెనక నిలబడ్డ కోడలు సుభద్రమ్మ చక్రం వంక చూసింది. రాట్నం కదురు వంగి, మగ్గానికి నూలు కండెలు చుట్టే పని ఆగిపోతే, ఆ చక్రంలోంచి ఒక పుల్ల ఊడదీసి కదురు చేసుకుంది తనే. నలభై పుల్లల్లో ఒక్కటే కదా అనుకుంది. ఇప్పుడు మాసయ్య నోటికాడి కూడు పోయేట్టుంది.

“అన్నా, నేనే తీసిన. కదురుకు.” తల ఎత్తలేకపోయింది.

ఎవరో కిసుక్కున నవ్వారు. అమృతమ్మ కోడలి మీదికి తిరిగింది.

“సిగ్గు శరం ఉందానే? కదురు కోసం మొగుని పానం తీస్తవా? కాళ్లు మొక్కి తప్పయిందని చెప్పు.”

సుభద్రమ్మ నిజంగానే వంగింది. మాసయ్య గబుక్కున వెనక్కి జరిగాడు.

“వద్దు చెల్లె. ఒక్కదానికి చక్రం గిట్ల గాదు.” చక్రం పడుకోబెట్టి ఖాళీ తూట్లు చూపించాడు. “పుల్లలన్ని తలా ఇంత గుంజి పట్టుకుంటేనే చక్రం నిలబడ్తది. ఒకటి పోతే దాని బరువు పక్కది మోస్తది. ఈడ జూడు, పక్కపక్కనే మూడు లేవు. ఇగ మోసేదేది?”

“నేను ఒక్కటే తీసిన,” అంది సుభద్రమ్మ ఏడుపు దిగమింగుకుంటూ.

పక్కనే నిలబడ్డ ధర్మయ్య గొంతు సవరించుకున్నాడు. చూపు మాత్రం నేల మీదే ఉంది.

“మగ్గం నాడెల కండె పెట్టే పుల్ల ఇరిగింటే... నేనొకటి తీసిన.”

మూడోది ఎవరు తీశారని మాసయ్య అడిగేలోపే, అమృతమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుని ఇంటి దారి పట్టింది.