రోగి పాత్ర

"గేటు దాకా వచ్చేశాడు, పడుకోండి!" అంది భార్య కిటికీ తెర లాగేస్తూ.

"పడుకునే ఉన్నానుగా! నాలుగు నెలలుగా ఇంకేం వెలగబెడుతున్నాను?" అని విసుక్కుంటూనే మహారాజు దుప్పటిని గడ్డం దాకా లాక్కున్నాడు.

ముప్పై ఏళ్లు రాజు వేషాలు వేసినందుకు ఊరు పెట్టిన పేరది. నాలుగు నెలల కిందట రిహార్సల్లో కళ్లు తిరిగి పడ్డాడు. ఆస్పత్రిలో వారం ఉంచుకుని, కాస్త నీరసం, అంతే అని ఇంటికి పంపేశారు. ఈలోగా మహారాజు ఇక దక్కడన్న మాట ఊరంతా పాకిపోయింది. నాటకశాల బాగుచేసి పెద్దది చేద్దాం, చందా ఇవ్వండి అంటే ఏళ్ల తరబడి తలుపులు వేసుకున్న జనం, ఆయన కళ్లతో కొత్త స్టేజీ చూసిపోవాలంటూ పిలిచి మరీ ఇచ్చారు. అప్పుడు నాటక సమాజం డైరెక్టరు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"గురువుగారూ, మీకో వేషం ఉంది. పెద్దగా మాటల్లేవు. మంచం మీద పడుకోవాలి. హాలు పూర్తయ్యేదాకా దిగకూడదు."

"జనాన్ని మోసం చేయమంటావా?"

"వానొస్తే జనం గొడుగులేసుకుని నాటకం చూస్తున్నారు. ఆడవాళ్లు దుప్పటి అడ్డం కట్టుకుని వేషాలు మార్చుకుంటున్నారు. తర్వాత మీ ఇష్టం."

మహారాజు జన్మలో ఏ డాక్టరు మాటా విన్న పాపాన పోలేదు. డైరెక్టరు మాట మాత్రం ఏనాడూ దాటలేదు. సరేనన్నాడు.

వేషం కాదది, జైలు. నాటకశాల వీధికి అవతలి పక్కనే ఉంది. పగలంతా సుత్తి దెబ్బలూ తాపీమేస్త్రీ కేకలూ వినిపిస్తుంటే ఆయనకి ప్రాణం లాగేసేది.

"ఒక్కసారి వెళ్లి, కొత్త స్టేజీ మీద నిలబడి వచ్చేస్తానే!"

"ఎవరైనా చూస్తే కొంప మునుగుతుంది. నోరు మూసుకుని పడుకోండి," అనేది భార్య.

చూడవచ్చిన వాళ్లు నమ్మాలని ఆవిడ బల్ల మీద మందు సీసాలు వరసగా పేర్చింది. ఎలాగూ కొన్నాం కదా, బలానికి మంచివే అంటూ వేళకి మింగించేది కూడా. ఆయనకి తిండి సగానికి సగం తగ్గింది. బుగ్గలు పీక్కుపోయాయి. "పాత్రలో లీనమైతే మేకప్పెందుకే!" అని అద్దంలో చూసుకుని మురిసిపోయేవాడు. వచ్చినవాళ్ల ముందు భార్య కళ్లనీళ్లు పెట్టుకుంటే, ఏనాడూ స్టేజీ ఎక్కని మనిషికి ఇంత నటన ఎలా అబ్బిందా అని ఆశ్చర్యపోయేవాడు.

ఇవాళ వస్తున్నవాడు ఇనుప కొట్టు యజమాని. ఒకప్పుడు ఈయన పక్కన సేనాపతి వేషాలు కట్టినవాడే. ఏదో పాత్ర దగ్గర మాటా మాటా పెరిగి పదేళ్లుగా ఇద్దరికీ పలకరింపుల్లేవు. అలాంటివాడు నాటకశాల కప్పుకి కావలసిన ఇనుమంతా ఉచితంగా ఇస్తానన్నాడు. రేపు లారీ బయల్దేరాలి. ఆ కప్పు వేసేస్తే పని అయిపోయినట్టే, మహారాజుకి మంచం నుంచి విడుదల.

సేనాపతి లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మహారాజు చెయ్యి పట్టుకున్నాడు. ఏదో అనబోయి బావురుమన్నాడు.

"తప్పు నాదేరా. పదేళ్లు దండగ చేసుకున్నాను. ఇప్పుడొచ్చి ఏం లాభం?"

మహారాజు ఓ దగ్గు దగ్గి చూశాడు. గొంతులోంచి రాలేదు. ఊరిని నమ్మించడం వేరు, చెయ్యి పట్టుకుని ఏడుస్తున్న స్నేహితుణ్ణి నమ్మించడం వేరు. దుప్పటి తన్నేశాడు.

"ఏడవకురా! నాకే రోగమూ లేదు. గుండ్రాయిలా ఉన్నాను. ఇదంతా హాలు కోసం కట్టిన వేషం!"

సేనాపతి మొహం కందగడ్డయింది.

"నన్ను ఏడిపించి తమాషా చూస్తున్నావా? నీ కప్పుకి మేకు కూడా ఇవ్వను. వాడవాడకీ చెప్తాను నీ సంగతి!"

విసురుగా వెళ్లిపోయాడు. "అన్నయ్యగారూ, ఒక్క మాట!" అంటూ భార్య వెనకాలే పరిగెత్తింది.

మహారాజు మంచం కోడు పట్టుకుని ఎలాగో లేచాడు. నాలుగు నెలలు పడుకోబెడితే కాళ్లు మాత్రం ఎవరి మాట వింటాయి? గోడ పట్టుకుంటూ వెళ్లి కిటికీ తెర తొలగించాడు. గేటు దగ్గర భార్య ఏదో చెబుతోంది. ఎంతోసేపు కాదు, రెండు మాటలు. సేనాపతి గేటు ఊచలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

అయిపోయింది, అనుకున్నాడు మహారాజు. ఇంతమంది కష్టాన్ని నోటి దురదతో గంగపాలు చేశాను. సిగ్గుతో ఆయనకి నిజంగానే ఏడుపొచ్చింది.

సేనాపతి తిరిగొచ్చాడు. మొహంలో కోపం లేదు. మహారాజుని నడుం చుట్టూ పట్టుకుని మంచం మీదికి చేర్చాడు. కింద పడ్డ దుప్పటి తీసి కప్పాడు.

"ఇనుము రేపు పొద్దున్నే పంపిస్తాను. కూలీల్ని కూడా రెట్టింపు పెట్టిస్తాను."

"ఎవరికీ చెప్పవుగా?"

"చెప్పను. నువ్వు మాత్రం వేషం మధ్యలో ఆపకు. బాగా చేస్తున్నావు."

మహారాజు మొహం వెలిగిపోయింది. పదేళ్ల తర్వాత వాడి నోటి వెంట మెప్పు! సేనాపతిని సాగనంపి వచ్చిన భార్యని మెచ్చుకోలుగా చూశాడు.

"ఏం మంత్రం వేశావే? అంత మోసాన్ని క్షణంలో ఎలా క్షమించాడు?"

"ఉన్నమాట చెప్పాను. మందు వేళయింది, నోరు తెరవండి."

ఆయన బుద్ధిగా నోరు తెరిచాడు.

తను నటించడం లేదని ఊళ్లో ఆయనొక్కడికే తెలియదు.