నూరేళ్ల తరవాతి గురజాల

మూడు వందల ప్రతులూ అచ్చయ్యాకే తప్పు నా కంటబడింది.

రాబోయే కాలపు కథలే వేస్తానని పంతం పట్టి నరసరావుపేటలో పెట్టిన ప్రెస్సు నాది. యుద్ధం మూలాన కాగితానికే ఎనిమిది నెలలు తిరిగాను. నా కథ ప్రకారం, నూరేళ్ల తరవాత గురజాలలో బండ్లు గాలిలో ఎగురుతాయి. ఏ కులంవాడైనా ఊరి బావిలో తన చేత్తో నీళ్లు తోడుకుంటాడు. అచ్చులో మాత్రం ప్రతిచోటా "వచ్చే ఏడాది" అని పడింది!

"ఏందిరా బాలశౌరీ! కళ్లు మూసుకొని పేర్చావా?" అని అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటరు మీద విరుచుకుపడ్డాను. "వచ్చే ఏడాదికే బండ్లు ఎగురుతాయా? జనం నవ్వరూ?"

మిషన్ బడిలో చదువుకున్నవాడు, మా నాయన ఈడు మనిషి. తలెత్తకుండానే అన్నాడు.

"కావాలనే పేర్చా బాబూ. బండ్లు ఎగరకపోతే పాయె. బావికి గూడా నూరేళ్లంటే నా మనవడు గూడా ఉండడు గదా."

పుస్తకం విసిరికొట్టాను.

"గొంతెండింది. కాసిని నీళ్లు పొయ్యి బాబూ," అంటూ వంగి దోసిలి పట్టాడు.

మూడేళ్లుగా రోజూ పోస్తున్నట్టే కుండలో చెంబు ముంచి, ఎత్తిపట్టి పోశాను. తాగినంతసేపూ చూస్తూనే ఉన్నాను. కుండ ఆయనకు రెండడుగుల దూరంలోనే ఉంది.