బొద్దింకల గది

"ఈ ఇంట్లో ఉంటే అవన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి," అన్నారు అత్తగారు, చేతిలోని మూతను నేలమీద పడేసి.

ఆవిడ తెరిచింది వెనక గదిలోని పెద్ద ప్లాస్టిక్ డబ్బా. లోపల నిలువుగా పేర్చిన కోడిగుడ్ల అట్టలు, ఆ అట్టల నిండా బొద్దింకలు. పురుళ్ల వార్డులో నర్సుగా ఉద్యోగం చేసినన్నాళ్లూ కాన్పులు ఒక ఎత్తు, బొద్దింకలతో యుద్ధం ఒక ఎత్తుగా బతికిన మనిషి ఆవిడ. ఆవిడ వార్డులోకి వస్తున్నారంటే పెద్ద డాక్టర్లు కూడా నోట్లో మాట నోట్లోనే మింగేసేవారట. అలాంటావిడ కొడుకింటికి వచ్చిన మర్నాడే, కోడలు బొద్దింకల్ని పనిగట్టుకుని పెంచుతోందని తెలిస్తే ఊరుకుంటారా?

కొడుకు ఇద్దరి మొహాలూ చూసి, ఆఫీసుకు టైమైందని గొణిగి, చల్లగా జారుకున్నాడు. ఆ రోజు ఆఫీసుకు సెలవన్న సంగతి అతనికి దారిలో గుర్తొచ్చి ఉంటుంది, కానీ వెనక్కి రాలేదు.

కోడలు మాత్రం జారుకోలేదు. కింద పడ్డ మూత తీసి తుడిచి పక్కన పెట్టి, ఓపిగ్గా చెప్పుకొచ్చింది. ఇవి వంటింటి బొద్దింకలు కావని, నున్నటి గోడ ఎక్కలేవని, ఊళ్లో తొండల్నీ బల్లుల్నీ ముద్దుగా పెంచుకునేవాళ్లంతా మేతకు తన దగ్గరికే వస్తారని చెప్పింది. వీటికి పెట్టేది క్యారెట్టు ముక్కలు, తవుడు, కమలాతొనలు. ఇవి తిన్నదే రేపు తొండ ఒంటికి పడుతుంది కాబట్టి, మచ్చపడిన ముక్క ఒక్కటి కూడా లోపల వేయదు.

నిజం చెప్పొద్దూ, ఆ గది చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. వాసన లేదు, చెమ్మ లేదు. అడుగున చేరే చెత్తను ఎప్పటికప్పుడు జల్లించి పారేస్తుంది. చాలామంది తమ వంటిల్లే అంత శుభ్రంగా ఉంచుకోరు. అత్తగారు కూడా మొదట ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నారు గానీ, ఎంతకీ వాసన రాకపోయేసరికి కాసేపటికి దించేశారు.

"ఇవి ఎక్కడపడితే అక్కడ గుడ్లు పెట్టి వదిలేసే రకం కాదత్తయ్యా," అంది కోడలు. "గుడ్ల సంచిని కడుపులోనే మోసి పిల్లల్ని కంటాయి. పొడుగు రెక్కలున్నవి మగవి, లేనివి ఆడవి. ఈ డబ్బాలో ఆడవన్నీ ఇప్పుడు నిండుగా ఉన్నాయి. చలి తగిలితే మాత్రం కడుపు నిలవదు. అందుకే కింద వెచ్చగా ఉంచే ఈ కరెంటు ప్యాడ్ పెట్టాను."

అత్తగారు ప్యాడ్ వంక చూశారు, కోడలి వంక చూశారు. అన్నీ విన్నారు గానీ మెత్తబడ్డట్టు లేరు.

"సాయంత్రం దాకా చూస్తా. నువ్వు తీయకపోతే నేనే మరిగే నీళ్లు పోస్తా," అని గది దాటి వెళ్లిపోయారు.

కోడలికి గుండెల్లో రాయి పడింది. ఆమె పెంపకమంతటికీ మూలం ఆ ఒక్క డబ్బాయే. బలమైన ఆడవాటిని ఏరి ఏరి, తరం తర్వాత తరం తానే తయారు చేసుకున్న జాతి అది. అది పోతే మళ్లీ మొదటికే. ఇల్లు కదలాలని లేదు, కానీ కదలక తప్పలేదు. పశువుల డాక్టరు దగ్గర ఒంట్లో బాగాలేని తొండ ఒకటి మేత ముట్టడం లేదట. ఇక్కడి లేత పిల్లలైతే తింటుందేమోనని ఆయన కబురు పెట్టాడు. పిల్లల్ని ఉంచే చిన్న డబ్బా చంకన పెట్టుకుని, వెనక్కి చూసుకుంటూ బయల్దేరింది.

తొండ తిన్నది. ఆ సంతోషం తీరకముందే డాక్టరు గదిలో లైట్లు ఆరిపోయాయి. బయట చలిగాలి, దానికి తోడు వాన. ఎక్కడో చెట్టు కూలి తీగలు తెగాయని, ఊరంతా కరెంటు లేదని, ఇప్పట్లో రాదని చెప్పుకుంటున్నారు. కోడలు ఇంటికి ఫోన్ చేసింది. అత్తగారు ఎత్తలేదు. దారంతా చేస్తూనే ఉంది, ఎత్తనే లేదు. ఎందుకు ఎత్తుతారులే, ఆవిడ పని చలే చేసిపెడుతోందిగా అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే చిరాకేసింది.

ఇంటికొస్తూనే చెప్పులతో వెనక గదిలోకి పరిగెత్తింది. పెద్ద డబ్బా కడిగి బోర్లించి ఉంది. వంటింట్లో పొయ్యి మీద పెద్ద గిన్నె, అడుగున మిగిలిన నీళ్లు ఇంకా పొగలు కక్కుతున్నాయి. హాల్లో ఓ మూల బకెట్టు, దాని మీద పాత తువ్వాలు కప్పి ఉంది. ఆ తువ్వాలు ఎత్తి చూసే ధైర్యం ఆమెకు లేకపోయింది. అన్నంత పనీ చేశారు.

ఏడుపు, కోపం రెండూ కలిసి తన్నుకొస్తుంటే అత్తగారి గదిలోకి వెళ్లింది. ఆవిడ ఆ చలిలో పల్చటి చీరతోనే కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఇంట్లో ఉన్న దుప్పట్లు, శాలువాలు, స్వెట్టర్లు, వేడినీళ్ల సంచితో సహా అన్నీ మంచం మీద గుట్టగా పడి ఉన్నాయి.

"ఒక్క పూట ఆగలేకపోయారా అత్తయ్యా?" అంటూ కోడలు ఆ మంచం మీద కూలబడబోయింది.

అత్తగారు గబుక్కున లేచి చెయ్యి పట్టుకుని ఆపేశారు. వార్డు తలుపు దగ్గర చుట్టాలను అదుపు చేసే గొంతుతో, లోగొంతుకన అన్నారు:

"మెల్లగా మాట్లాడు. మగవాళ్లను హాల్లో కూర్చోబెట్టాను, కడుపుతో ఉన్నవాళ్లు ఇక్కడ పడుకున్నారు."