స్టాపులో ఒకరు

వనపర్తి నుంచి పాన్‌గల్ పోయే ఆఖరి బస్సు అది. ఏ స్టాపులో ఎందరున్నారో, బస్సులో ఎందరున్నారో డ్రైవర్ ముందున్న 5జీ తెర చెబుతుంది. అది వచ్చాక కండక్టర్‌ను తీసేశారు. అతని గంట తాడు మాత్రం ఇంకా వేలాడుతోంది. డ్రైవర్ కుర్మయ్యకు మాట్లాడే తోడు లేదు.

చేన్ల మధ్య స్టాపులో ఒకరున్నారని తెర చూపింది. ఆపి చూస్తే ఎవరూ లేరు. కీచురాళ్లు కూడా ఊరుకున్నాయి.

మనిషి దొరుకుతాడన్న ఆశతో కుర్మయ్య చీకట్లోకి కేకేశాడు. "ఎవరన్న ఉన్నరా? ఆఖరి బస్సు, జల్ది ఎక్కుండ్రి!"

కాసేపు చూసి తలుపు మూశాడు. తెర మీద స్టాపు లెక్క సున్నాకు దిగింది. బస్సు లెక్క ఒకటైంది.

"ఏందిర గిది," అంటూ అద్దంలోకి చూశాడు. సీట్లన్నీ ఖాళీ.

వెనుక తాడు రెండుసార్లు కదిలింది. టింగ్ టింగ్. పోనిమ్మని.