లూథర్ పాట

“పాడను,” అన్నాడు వెర్లిన్. “నా పాట ఎత్తుకుపోయినవాడి శవం ముందు ఆ పాటే పాడమంటావేంటి, ఓమా?”

చనిపోయిన హోబర్ట్ భార్య ఓమా కోపం తెచ్చుకోలేదు. “నీచేతే పాడించమన్నాడు. పోయేముందు అడిగింది అదొక్కటే.”

చర్చి నిండిపోయింది. కొండ మీద గొయ్యి తవ్వి వచ్చినవాళ్లు మట్టి బూట్లతోనే వెనక బల్లల్లో కూర్చున్నారు. శవపేటిక మూత ఇంకా వేయలేదు.

బొగ్గుగని కూలిపోయి తన తమ్ముడు లూథర్ చనిపోయినప్పుడు వెర్లిన్ కట్టిన పాట అది. ప్రతి ఆదివారం ఇద్దరూ కలిసి పాడేవారు. అసలు వరుస వెర్లిన్‌ది. దాని పైన, వేరే వరుసలో, సన్నటి గొంతుతో హోబర్ట్ వంత. ఒకరోజు హోబర్ట్ ఒక్కడే వెళ్లి రేడియోలో పాడేశాడు. అంతే, ఇరవై రెండేళ్లు మాటల్లేవు. రేడియోలో హోబర్ట్ పేరు వినబడితే చాలు, వెర్లిన్ కట్టేసేవాడు. ఆ కోపమే లేకపోతే ఇన్నేళ్లూ దేన్ని పట్టుకుని బతికేవాడో అతనికే తెలియదు.

పాట తనదని ఇవాళైనా నలుగురికీ తెలియాలనుకున్నాడు. అలా అనుకున్నందుకు సిగ్గేసింది. అయినా లేచాడు.

“ఇది నా పాట. నా తమ్ముడి మీద నేను కట్టింది,” అని చెప్పి మరీ ఎత్తుకున్నాడు.

మొదటి చరణం పూర్తి కాకుండానే గుసగుసలు బయల్దేరాయి.

“ఆగు నాయనా,” అంది ముందు బల్లలోంచి ముసలి కోరా అత్త. “వరుస తప్పావు.”

“కట్టింది నేను అత్తా! నాకే నేర్పుతావా?”

“కట్టావేమో. ఇప్పుడు మర్చిపోయావు.”

“వయసు మీద పడిందిలే,” అన్నారెవరో వెనకనుంచి.

“ఈ కొండల్లో పసిపిల్లలకి కూడా వచ్చయ్యా ఈ పాట,” అంది అత్త. “హోబర్ట్ ఎన్నిసార్లు పాడలేదు! ఇదిగో, ఇలా.”

ఆమె సన్నగా అందుకుంది. పక్కవాళ్లు కలిశారు. వెనక బల్లలూ కలిశాయి. చర్చి అంతా ఒక్కటే వరుస, ఎక్కడో పైపైన, కింద ఆనుకోవడానికి ఏమీ లేనట్టు తేలుతోంది.

వెర్లిన్ ఓమా వైపు తిరిగాడు.

“వాడు… ఎప్పుడూ ఈ వంత ఒక్కటే పాడాడా?”

“ఎప్పుడూ ఇంతే. అసలు వరుస పాడవేమయ్యా అంటే, ‘అది వెర్లిన్‌ది, వాడొచ్చి పాడతాడు’ అనేవాడు.”