మోటారు బోర్డులో బల్లి

ప్యానెల్ బోర్డు మూత తీయగానే కాలిన ప్లాస్టిక్కు కంపు గుప్పుమంది. ఇల్లాలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఇటు రాకండమ్మా," అన్నాడు ఎలక్ట్రీషియన్, బోర్డుకు వీపు అడ్డం పెట్టి. "చూస్తే తిండి సయించదు."

ఆమె బెంగ వేరు. ఇతన్ని ఏరికోరి తెచ్చింది తనే. బటన్ నొక్కగానే టక్కున అతుక్కుని నీళ్ల మోటారుకు కరెంటు పంపే ఆ కాంటాక్టరు ఎంపికా తనదీ, ఇతనిదే. మోటారు బరువైంది, పెద్ద సైజుది పెట్టించమని మొగుడు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. చిన్నది చాలమ్మా అన్నాడు ఇతను. ఆమె ఇతని మాటే విన్నది. మూడు నెలలు తిరక్కుండానే కాంటాక్టరు గుర్రుమని మూలిగి, ఈ పొద్దున పొగ కక్కి చచ్చింది. తప్పు సైజుదేనని తేలితే మొగుడు జన్మంతా దెప్పుతాడు.

ఆయన అప్పటికే గుమ్మంలో చేతులు కట్టుకుని కాచుకుని ఉన్నాడు.

"దొరికింది," అంటూ ఎలక్ట్రీషియన్ ఇటు తిరిగి కాగితం చూపించాడు.

బల్లి. ఎండి కొయ్యబారింది. సగం తోక, తెరిచిన నోరు, నడుం మీద ఆకుపచ్చ మరక. ఇంటికి రంగులు వేయించమని పదేళ్లుగా మొత్తుకుంటున్నా దిక్కులేదు, ఈ దరిద్రానికి ఎక్కడ దొరికిందో రంగు. ఆమెకు ఒళ్లంతా తేళ్లూ జెర్రులూ పాకినట్టయింది.

"లోపల ఇరుక్కుందమ్మా. ఇది పడితే ఎంత పెద్ద కాంటాక్టరైనా కాలాల్సిందే. బోర్డు కింద ఈ కన్నం ఎవరు వదిలేశారు?"

వదిలేసింది మొగుడే, మొన్న ఏదో వైరు లాగుతానని.

"విన్నారా?" అంది ఆమె.

"బల్లి సంగతి సరే, సైజు..."

"కళ్లెదుట చచ్చి పడుంటే ఇంకా సైజంటారేమిటి? మీ బద్ధకం వల్ల ఇంటికి ఎంత అసహ్యం పట్టిందో చూడండి."

ఆయన గుడ్డ తెచ్చి మసి తుడిచాడు. అంత రోతలోనూ ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

ఎలక్ట్రీషియన్ అదే సైజు కొత్తది బిగించాడు. వైర్లు కలిపాడు. బటన్ నొక్కితే టక్కుమంది, మోటారు తిరిగింది.

"ఆ బల్లిని ఇలా ఇవ్వు, చెత్తలో పడేస్తాను," అన్నాడు మొగుడు.

"మీకెందుకు సార్, దారిలో నేనే పారేస్తాగా." కాగితం జాగ్రత్తగా మడిచి, డబ్బాలో పెట్టి, సంచిలో వేసుకున్నాడు.

ఎంత మంచివాడో అనుకుంది ఆమె. ఆ సాయంత్రమే చుట్టాలందరికీ అతని నంబరు ఇచ్చింది.

వారం తిరక్కుండా ఆడపడుచు ఇంటికి వెళ్తే, పెరట్లో అతనే చేతులు కడుక్కుంటున్నాడు. ఆడపడుచు ముక్కు మూసుకుని, కాగితం ఒకటి దూరంగా పట్టుకుని ఎదురొచ్చింది.

"మా మోటారూ ఆగిపోయింది. అంతా మా ఆయన నిర్వాకం, బోర్డు మూత సరిగ్గా వేస్తేగా. ఈ అసహ్యం చూడు."

కాగితంలో సగం తోక, తెరిచిన నోరు, నడుం మీద ఆకుపచ్చ మరక.